ఎండ అడిగిన మొక్కకు గొడుగు పట్టాను

ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివి మీరు నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం నవ్వను. రెండేళ్ళయినా నాకు మంట తగ్గలేదు. ఎవరి మీద అంటారా? దానికో వరస ఉంది. మొదట ఒక మొక్క మీద, తర్వాత ఒక ఈగ మీద, ఆ తర్వాత మా తమ్ముడి మీద, మా పై వాటాలో కిరాయికుండే మేకప్ సత్తిబాబు మీద. వీళ్ళందరి మీదా ఉన్నదాన్ని కలిపి పదితో హెచ్చవేస్తే ఎంతవుతుందో, అంత నా మీద. అరచేతిలో పట్టే మొక్కతో జూబ్లీహిల్స్‌లో నిండు షూటింగును ఆపేసిన ఘనురాలిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, చూడండి.

మాది షేక్‌పేట పాత ఊరు. మా మేడెక్కితే ఒక పక్క ఫ్లైఓవరు, ఇంకో పక్క ఫిల్మ్‌నగర్ గుట్టలు కనిపిస్తాయి. మా అమ్మ పోయేనాటికి నాకు పద్నాలుగేళ్ళు, తమ్ముడు శ్రీశైలానికి నాలుగు. ఐదో తరగతితోనే పలక పక్కన పెట్టినదాన్ని, వాడిని చంకనెత్తుకున్నాను. పెళ్ళయ్యాక కూడా దింపలేదు. మా ఆయన యాదగిరి మంచివాడు కాబట్టి, "ఒక్క ముహూర్తానికి ఇద్దరొచ్చిండ్రు మా ఇంటికి" అని నవ్వి ఊరుకున్నాడు.

ఆ శ్రీశైలం పెద్దవాడై సినిమాల్లో చేరాడు. హీరోగా కాదు లెండి, ఆర్ట్ డిపార్ట్‌మెంటులో. సెట్టులో ఏ కుర్చీ ఉండాలి, గోడకు ఏ పటం ఉండాలి, హీరోయిన్ తల్లి వంటింట్లో ఎన్ని డబ్బాలుండాలి అని పెద్దవాళ్ళు చెబుతారు. అవన్నీ ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చేది మావాడు. నాలుగేళ్ళు మోశాడు. సినిమా చివర్లో, జనం చెప్పులు వెతుక్కునే వేళ తెర మీద పేర్లు బారులుగా పైకి పోతాయి చూడండి, వాటిలో కూడా వాడి పేరు ఒక్కసారీ పడలేదు.

ఒకనాడు గాల్లో తేలుకుంటూ వచ్చాడు.

"అక్కా, మా సారు మాటిచ్చిండు! గీ పిక్చర్ల ఒక మొక్క షాట్ ఉంది. గది మంచిగొస్తే నన్ను అసిస్టెంట్ జేస్తడట. తెర మీద పేరు పడ్తది!"

"ఒక్క మొక్కకే పేరేస్తరా? మన కరివేపాకు చెట్టు తీస్కపో, ఇంటిపేరు గూడ ఏస్తరు."

"గసుంటి మొక్క గాదక్కా. పురుగుల్ని పట్టుకొని తినే మొక్క. విలన్ బంగ్లాల టేబుల్ మీద ఉంటది. ఈగ వాల్తది, అతుక్కుంటది, ఆకు మెల్లగ ముడుసుకుంటది. అది జూస్తే హీరోకు విలన్ ఎసుంటోడో సమజైతది."

"మనిషిని జూస్తే సమజ్ గాలేదా ఆయనకు?"

వాడు ముఖం చిట్లించాడు. సినిమావాళ్ళకు ఇలాంటి ప్రశ్నలు గిట్టవు.

మోతీనగర్‌లో ఇలాంటి మొక్కలను సరదాగా పెంచే ఒక పెద్దాయన ఉన్నాడట. ఆయన గడ్డం పట్టుకుని బతిమాలి మూడు కుండీలు తెచ్చాడు. సన్‌డ్యూ అంటారట వాటిని. నిజం చెప్పొద్దూ, చూడగానే ముచ్చటేసింది. చాయ్ సాసరంత మొక్క. చిన్న చిన్న గరిటెల్లాంటి ఆకులు నేలకు పరుచుకుని ఉన్నాయి. ఆకు నిండా ఎర్రటి నూగు, ప్రతి వెంట్రుక కొసన ఒక మెరిసే బొట్టు. మిట్టమధ్యాహ్నమైనా ఆరని మంచు! అది మంచు కాదు, జిగురు. దోమ వాలిందా, దాని కథ అంతే.

ఉగాది వెళ్ళిన కొత్త అది. శ్రీశైలం వికారాబాద్ వైపు షూటింగుకు ఇరవై రోజులు వెళ్ళాలి. కుండీలను మేడ మధ్యలో, ఎక్కడా నీడన్నది లేని చోట పెట్టి నన్ను పిలిచాడు.

"అక్కా, మూడే మాటలు. పొద్దు పొడిస్తే మొదలు పొద్దుగూకేదాక ఎండలనే ఉండాలె. కింద పళ్ళెంల నీళ్ళు ఆరొద్దు, గవి గూడ ఫిల్టర్ నీళ్ళే, బోరు నీళ్ళు అస్సలు వద్దు. ఎరువు గిరువు ఏం ఎయ్యొద్దు."

"తిండి?"

"అదే పట్టుకొని తింటది. నువ్వేం ఫికర్ జెయ్యకు. ఏం జెయ్యకుండ ఉంటే సాలు."

నేను తలూపాను. తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరు. సంసారం చేసిన ఆడవాళ్ళకు ఈ తేడా తెలుసు.

వాడటు వెళ్ళాడు, ఇటు ఎండ మొదలైంది. పదకొండు గంటలకు వడియాలు తిప్పుదామని మేడెక్కితే కాళ్ళు కాలి, భరతనాట్యం నేర్వకుండానే నాలుగు అడుగులు వేశాను. ఆ నిప్పుల్లో పసిబిడ్డల్లా మూడు మొక్కలు! నాకు ఒళ్ళు మండింది. మనుషులే తలకు తువ్వాల చుట్టుకుంటుంటే దీన్ని ఎండలో పెట్టమన్నవాడు ఏ జన్మలో కసాయో! మోతీనగర్ పెద్దాయనను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ కుండీలను వాటర్ ట్యాంకు నీడలోకి చేర్చాను. పొద్దు తిరిగి అక్కడికి కూడా ఎండ వస్తే మా ఆయన గొడుగు తెచ్చి కట్టాను. అదీ చాలదనిపించి గొడుగు మీద తడిపిన పాత చీర కప్పాను. దూరం నుంచి చూస్తే మా మేడ మీద ఎవరో బాలింత ఉన్నట్టుండేది.

మా ఆయన అడిగాడు. "ఏందే అది? ఎండల పెట్టుమన్నడు గద బామ్మర్ది?"

"ఆనికేం తెలుసు? ఆన్ని పెంచింది నేను. ఎండల ఆడనిచ్చిన్నా ఎన్నడన్న?"

ఇక నీళ్ళు. మేం తాగే నీళ్ళే క్యాను కొనుక్కుంటాం. మొక్కకు క్యాను నీళ్ళు పోస్తే భూమాత నవ్వదూ? బోరు నీళ్ళే పోశాను. మా బోరు నీళ్ళు పట్టిన బకెట్టుకు నెల తిరక్కుండా సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. గులాబీలు తాగుతున్నాయి, తులసి తాగుతోంది. ఈ సాసరు మొక్కకు ఏం రోగం?

మూడోది, అసలైన ఘనకార్యం. నా నీడలో మొక్కలు చల్లగా ఉన్నాయి కానీ, ఆకుల మీద ఒక్క దోమా పడలేదు. నాలుగు రోజులు చూశాను. నా ఇంట్లో పిల్లి కూడా నాలుగు రోజులు పస్తుండదు! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఏకంగా కీమా వేశాను. ఆదివారం తెచ్చిన కీమాలోంచి చిటికెడు తీసి, ఉప్పూ కారం తగలకుండా, గరిటె ఆకు ఒక్కోదానికి ఒక్కో ముద్ద పెట్టాను. "తినుండ్రి బిడ్డా" అని కూడా అన్నాను. ఆపైన అరగడానికని వేళ్ళలో పేడ నీళ్ళు.

వారం తిరిగేసరికి ఎరుపు పోయి పాలకూర రంగు వచ్చింది. జిగురు బొట్లు ఒక్కటీ లేవు. కీమా పెట్టిన ఆకులు నల్లబడి కుళ్ళిపోయాయి. ఆ వాసనకు కాకులు వచ్చి ట్యాంకు మీద సభ పెట్టాయి. దిష్టి తగిలిందనుకుని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. మొక్కకు ఏమీ కాలేదు, మా ఆయన మాత్రం అరగంట దగ్గాడు.

రోజూ సాయంత్రం తమ్ముడి ఫోను.

"అక్కా, ఎట్లున్నయ్?"

"మంచిగున్నయ్."

"ఎర్రగైనయా?"

"ఆ... ఎర్రగనే."

"బొట్లున్నయా?"

"అన్నీ ఉన్నయ్ రా! మొక్కల గురించేనా అక్క గురించి అడిగేదున్నదా?" అని నేనే ఎదురు కోప్పడి ఫోను పెట్టేసేదాన్ని. తప్పు చేసినప్పుడు ముందు కోప్పడ్డవాళ్ళదే పైచెయ్యి. ఇది బళ్ళో నేర్పరు.

షూటింగు నాడు పొద్దున్న ఎనిమిదికి మళ్ళీ ఫోను. "అక్కా, పదకొండుకు వస్తున్న. మొక్కలు తయార్ జెయ్." తయార్ చేయడానికి అక్కడేముంది? రెండు కుండీల్లో మొక్క కరిగిపోయింది. మూడోదానిలో ఆరు ఆకులు, నిరాహార దీక్ష విరమించలేక పడున్న మనుషుల్లా, అడ్డంగా పడున్నాయి. నాలుగేళ్ళ మోతబరువు, తెర మీద వాడి పేరు, మొత్తం ఆ ఆరు ఆకుల మీద ఉంది. ఆ కుండీ చేత పట్టుకుని ట్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. సరిగ్గా అప్పుడే మేడ మీద సత్తిబాబు పళ్ళు తోముకుంటూ కనిపించాడు.

సత్తిబాబుది కాకినాడ దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ నుంచి సినిమాల్లో మేకప్ పని. నోరు చాలా పెద్దది, చెయ్యి మాత్రం బంగారం. సంగతి విని కుండీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అక్కగారూ, కంగారు పడకండి. అరవై ఏళ్ళాయన మొహాన్ని పాతికేళ్ళకు దింపిన చెయ్యి ఇది. మొక్కెంతండీ!"

"బొట్లు కావాలె గదా అన్నా, మెరిసే బొట్లు?"

"గ్లిజరిన్ ఉంది కదండీ. సినిమాల్లో ఏడుపులన్నీ మన పెట్టెలోంచే కదా వచ్చేది! కంట్లో వేస్తే కన్నీరు, నుదుటి మీద వేస్తే చెమట, ఆకు మీద వేస్తే ఈ మొక్క జిగురు. అంతేనండీ."

మొక్కై వంగనిది మేకప్పుకు వంగునా అని నాకు అప్పుడు తోచలేదు. పెట్టె తెరిచాడు. కుళ్ళిన కొసలను చిన్న కత్తెరతో తీశాడు. వాలిపోయిన ఆకులకు కింద సన్నటి తీగ కట్టి నిలబెట్టాడు. లిప్‌స్టిక్ కరిగించి కనుబొమల బ్రష్‌తో వెంట్రుక వెంట్రుకకూ ఎరుపు దిద్దాడు. అలవాటు కొద్దీ మధ్యలో ఒకసారి, "కొంచెం తల పైకెత్తండి మేడమ్" అని మొక్కతో అన్నాడు. చివరికి గ్లిజరిన్‌ను సూది మొనతో చుక్క చుక్కగా పెట్టాడు. గంటన్నర పట్టింది. నా పెళ్ళినాడు నన్ను కూడా ఎవరూ అంతసేపు ముస్తాబు చేయలేదు.

శ్రీశైలం వచ్చి చూసి గుమ్మంలో ఆగిపోయాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. అవి గ్లిజరిన్ కాదు.

"అక్కా! తెచ్చిన నాటి కంటే మంచిగున్నది గదనే! నువ్వు బంగారమే అక్కా!"

అక్కడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా "నేను గూడ వస్తా, ఆటోల కుండీని పట్టుకుంటా" అని ఎక్కి కూర్చున్నాను. గొడుగు కూడా పట్టాను మొక్కకు, ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కి జూబ్లీహిల్స్ వెళ్ళేదాకా.

షూటింగు కిరాయికి తీసుకున్న ఒక పెద్ద బంగళాలో. డైరెక్టర్ ఒక చిన్న వయసు మేడమ్. శ్రీశైలం వాళ్ళ సారు, అంటే ఆర్ట్ డైరెక్టరు, గుంటూరు వైపు మనిషి, మీసాలు కూడా కొలత పెట్టి కత్తిరించినట్టుంటాయి. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద మా కుండీ పెట్టారు. లైట్లు వేశారు. దూరం నుంచి ఒక షాట్ తీశారు. మొక్క మెరిసింది చూడండీ, నాకే అనుమానం వచ్చింది, నిజంగా బాగైపోయిందేమోనని.

"బ్రిలియంట్!" అంది మేడమ్. సారు శ్రీశైలం భుజం తట్టాడు. నేను మూలన గొడుగు మూసుకుని దేవుళ్ళందరికీ కొబ్బరికాయలు మొక్కుకుంటున్నాను.

ఇప్పుడు ఈగ. మీకు తెలుసో లేదో, ఈగ నటించాలంటే దాన్ని ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెడతారట. చలికి మత్తెక్కి, ఎగరకుండా పెట్టిన చోట కూర్చుంటుందట. శ్రీశైలం డబ్బీ తెరిచి, పట్టకారుతో పట్టి, ఆకు మీద మెల్లగా దించాడు.

"యాక్షన్!"

అందరూ ఊపిరి బిగబట్టారు. ఈగ కదల్లేదు. కాసేపటికి లైటు వేడికి మత్తు దిగింది. కాలు లేపింది. కాలు హాయిగా వచ్చేసింది. ముక్కు వంచి గ్లిజరిన్ ఒక గుటక వేసింది. రుచి నచ్చిందేమో, పక్క బొట్టు దగ్గరికి నడిచింది. ఆ ఆకు మీంచి ఈ ఆకు మీదికి, సంతలో బేరం చేసేదానిలా తిరిగింది. ఆఖరుకు మధ్యలో కూర్చుని, రెండు చేతులూ నిమురుకుని, కెమెరా వైపు ఒకసారి చూసి ఎగిరిపోయింది.

"కట్! సార్, ఇది విలన్ మొక్కా, ఈగలకు టిఫిన్ సెంటరా?" అంది మేడమ్.

"ఇంకో ఈగ!" అని అరిచాడు సారు.

రెండో ఈగ రావడానికి ముందే చీమలొచ్చాయి. తీపి ఎక్కడుందో చీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. బల్ల కాలు వెంట బారు కట్టి కుండీ ఎక్కాయి. పురుగులను తినే మొక్కను పురుగులు పండగ భోజనంలా తింటున్నాయి. ఇంతలో కెమెరా అతను తల పైకెత్తాడు.

"మేడమ్, మొక్క... కారుతోంది."

లైటు వేడికి లిప్‌స్టిక్ కరిగి, తెల్ల గుడ్డ మీద టప్ టప్ మని ఎర్రగా పడుతోంది. మేడమ్ వచ్చి వేలితో ముట్టుకుని వాసన చూసింది. "సార్, ఇది లిప్‌స్టిక్. మంచి షేడే."

సారు ఆకు ఎత్తి చూశాడు. కింద తీగ. "శ్రీశైలం! ఇటు రా. ఏంటిది?"

వాడు తీగను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. పోయే వీలు లేక, ఎప్పటిలాగే ముందు కోప్పడ్డాను.

"ఆన్నెందుకంటున్నరు సారూ? నన్నడుగుండ్రి! ఏం మొక్క సారూ ఇది? మనుషులు సొమ్మసిల్లి పడే ఎండల పెట్టుమంటరా? నేనే నీడల పెట్టిన. నేనే బోరు నీళ్ళు పోసిన. కీమా గూడ పెట్టిన, మా ఇంట్ల ఎవరికి పెట్టినా వద్దనలే!"

"కీమానా?" అన్నాడు సారు. అడుగులో అడుగేసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "కీమా ఎవరైనా పెడతారామ్మా మొక్కకి? అది సారం లేని మట్టిలో పుట్టే మొక్క. ఎండా, ఉత్త నీళ్ళూ తప్ప దానికి ఏమీ వద్దు. ఎండ లేకపోతే దానికి జిగురే పుట్టదు. మీవాడే నాకు చెప్పాడు అదంతా!"

"నాగ్గూడ చెప్పిండు సారూ. నేనే..."

"అక్కా, ఇగ ఊకో!"

అంతమందిలో నా తమ్ముడు నా మీద అరవడం అదే మొదలు.

"నన్ను గూడ గిట్లనే పెంచినవ్! గోలీలాటకు పోతే గొడుగు పట్టుకొని ఎంట వస్తివి. ఇర్వయ్యారేండ్లకు గూడ షూటింగుకు ఎంటొస్తివి. ఎండల ఉంటెనే బతికేటియి ఉంటయక్కా! ఏం జెయ్యకుండ ఉండుమన్న గద. గంతే గద అడిగిన!"

నాకు చెంపలు మండిపోయాయి. వాడి మీద వచ్చిన కోపానికి ఆ బంగళా పైకప్పు లేచిపోవాలి. కానీ వాడన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం దొరకలేదు. వెతికాను. నిజంగా వెతికాను.

సారు లేచాడు. "నెలన్నర తర్వాత ప్యాచ్‌వర్క్ ఉంది, మిగిలిపోయిన షాట్లన్నీ అప్పుడు తీస్తాం. ఆరోజు ఈ బల్ల మీద నిజం మొక్క ఉండాలి. లేకపోతే నువ్వుండక్కర్లేదు." అని, నావైపు తిరిగి చేతులు జోడించి, "అమ్మా, మీరు అస్సలు ఉండక్కర్లేదు" అన్నాడు.

అంతలో మేడమ్ మొక్కనే చూస్తూ, "ఇంతకీ ఈ మేకప్ చేసిందెవరు? దూరం షాట్లో నేను కూడా నమ్మేశాను" అంది. చూశారా లోకం తీరు!

శ్రీశైలం మోతీనగర్ వెళ్ళి, పెద్దాయనతో తిట్లు తిని, ఇంకో రెండు కుండీలు తెచ్చుకున్నాడు. నడి మేడ మీద, నడి ఎండలో పెట్టాడు. మేడ తలుపుకు తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకున్నాడు. అది ఏప్రిల్, మే! కింద కూలర్ ముందు కూర్చున్న నాకే మెదడు ఉడికిపోతుంటే పైన వాటి గతేమిటి? మెట్ల మీద కూర్చుని తలుపుతో గొడవపడేదాన్ని. తలుపు కూడా నా తమ్ముడి లాగే తయారైంది, ఒక్క మాటకూ జవాబివ్వదు. వాడు మాత్రం పొద్దున్నే క్యాను నీళ్ళు పళ్ళెంలో పోసి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి దిగి వచ్చేవాడు. ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక పనేనని వాడిని చూశాకే నాకు తెలిసింది. అంత కష్టమైన పని నేను జన్మలో చేయలేదు.

ప్యాచ్‌వర్క్ నాడు వాడు కుండీ పట్టుకుని దిగుతుంటే వంటింటి కిటికీలోంచి చూశాను. కెంపులు పొదిగిన కమ్మలా ఉంది పాడు మొక్క! ఆకుకు రెండు దోమలు. నాకు సంతోషం వేయాలి కదా? వేయలేదు. నేను కీమా పెడితే చచ్చింది, నిప్పుల్లో పెడితే ఇలా నిగనిగలాడుతుందా? కృతఘ్నురాలు! "నేను గూడ..." అని నోటిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాడు ఒంటరిగా వెళ్ళాడు. సాయంత్రం వచ్చి ఒకే మాట అన్నాడు. "ఫస్ట్ టేక్‌లనే ఓకే అక్కా."

సినిమా వచ్చింది. మొదటి ఆటకు అందరం వెళ్ళాం: నేను, మా ఆయన, శ్రీశైలం, పట్టు లాల్చీ వేసుకుని సత్తిబాబు. చివర పేర్లు మొదలయ్యాయి. నేను కూడబలుక్కుని చదివేలోపు అవి పైకి ఎగిరిపోతున్నాయి. మా ఆయన చెయ్యి గిల్లాడు. "అగో, సూడు!" ఆర్ట్ అసిస్టెంట్స్ కింద రెండో పేరు, శ్రీశైలం. నాకు ఆ అక్షరాలు అలికినట్టయిపోయాయి. దాని తర్వాత ఇంకోటి పడింది. "మొక్కకు మేకప్: సత్తిబాబు." హాలంతా ఘొల్లున నవ్వింది. ఆయన లేచి నిలబడి దండం కూడా పెట్టాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమిరా, మొక్కను పెంచినోనికి పేరు, దానికి రంగేసినోనికి పేరు! ఇర్వై రోజులు కీమా పెట్టి, గొడుగు పట్టి, కాకులతోని కొట్లాడినదాన్ని నేను. నా పేరేది?"

శ్రీశైలం చాలా మర్యాదగా చెప్పాడు. "ఏద్దామనే అన్నడు అక్కా మా సారు. ఫైట్స్ కింద ఏద్దామన్నడు. నేనే వద్దన్న."

కాబట్టి మా షేక్‌పేట మైసమ్మ సాక్షిగా, చదువుతున్న మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఎండలో ఉంటానన్న ఏ ప్రాణికీ నీడ చూపించను. నాలుగాకుల మొక్కయినా, మీసాలొచ్చిన తమ్ముడైనా సరే, తలుపేసుకుని లోపల కూర్చుంటాను. మజ్జిగ మాత్రం ఇస్తాను. ఒక్క గ్లాసే. అది ఎరువు కిందికి రాదని మావాడే ఒప్పుకున్నాడు.